ఫొటో ఎందుకు చెడింది? కొత్తగా కెమెరా పట్టినవారికి మెట్టుమెట్టుగా మార్గదర్శి

కొత్తలో తీసిన ఫొటోలు చాలావరకు పాడవుతాయి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అసలు పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది: బాగా రాలేదని చూడగానే డిలీట్ నొక్కేస్తారు. ఏ తప్పు జరిగిందో చెప్పే సాక్షి ఆ ఫొటో ఒక్కటే. దాన్ని చెరిపేస్తే రేపూ అదే తప్పు చేస్తారు. నిజానికి ఫొటో చెడటానికి పెద్ద కారణాలు ఓ అయిదారే ఉన్నాయి: వెలుతురు చాలకపోవడం, మన చెయ్యి కదలడం, ఎదుటివాళ్లు కదలడం, ఫోకస్ వేరేచోట పడటం, కెమెరా వెలుతురును తప్పుగా లెక్కకట్టడం, లెన్స్ మురికిగా ఉండటం. వీటిని గుర్తుపట్టడం వస్తే సగం పని అయిపోయినట్టే. చేతిలో ఫోన్ ఉన్నా, లెన్స్ మార్చుకునే కెమెరా ఉన్నా మొదటి మెట్లు ఒకటే.

ముందుగా మెగాపిక్సెళ్ల సంగతి

"నా ఫోన్‌కి మెగాపిక్సెళ్లు తక్కువ, అందుకే ఫొటోలు రావట్లేదు" అనుకునేవాళ్లు చాలామంది. లెక్క చూద్దాం. తొలి డిజిటల్ కెమెరాగా పేరుపడ్డదాన్ని 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేశారు. బరువు సుమారు 3.6 కిలోలు. ఒక్క బ్లాక్ అండ్ వైట్ ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ ఫొటోలో ఉన్న చుక్కలు (పిక్సెళ్లు) 10 వేలు. ఈరోజు 12 మెగాపిక్సెళ్లంటే 1 కోటి 20 లక్షల చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800, అంటే 22 లక్షల లోపే సరిపోతాయి. ఏ4 కాగితం నిండా ప్రింటు వేసినా 87 లక్షలు చాలు. కాబట్టి 12 ఉన్నా 50 ఉన్నా నేర్చుకునే దశలో తేడా రాదు. ఉన్నదానితోనే మొదలుపెట్టండి.

మొదటి మెట్టు: లెన్స్ తుడవడం

మరీ చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఫోన్ ఫొటోలు మసకబారడానికి మొట్టమొదట అనుమానించాల్సింది వేలిజిడ్డునే. దీపాల చుట్టూ పొగలాంటి వలయం, వెలుగు నుంచి ఒకే వైపుకు సాగిన గీతలు కనిపిస్తే అది లెన్స్ మీది జిడ్డే. ముందు బ్లోయర్‌తో గాలి కొట్టి దుమ్ము పోగొట్టండి. ఆ తర్వాతే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచులకు గుండ్రంగా తుడవండి. ఈ వరస తారుమారైతే దుమ్ములోని ఇసుక రేణువులు గాజు మీది పూతను గీసేస్తాయి. చొక్కా అంచుతో తుడవొద్దనేది అందుకే. లెన్స్ మార్చుకునే కెమెరాలో లోపల వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ జోలికి మాత్రం వేలుగానీ గుడ్డగానీ పోనివ్వకండి.

రెండో మెట్టు: పట్టుకోవడం

కెమెరా అయితే ఎడమ అరచేయి లెన్స్ కింద ఉండాలి, బరువంతా దానిమీదే. కుడిచేతి పని పట్టు, బటన్ మాత్రమే. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, పాదాలు కొంచెం ఎడంగా పెట్టండి. ఊపిరి సగం వదిలి ఆపి, బటన్‌ను పొడిచినట్టు కాకుండా పిండినట్టు నొక్కండి. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, స్క్రీన్ మీది బటన్‌కు బదులు పక్కనున్న వాల్యూమ్ బటన్ నొక్కితే కుదుపు తగ్గుతుంది. వెలుతురు తక్కువుంటే గోడకో స్తంభానికో భుజం ఆనించండి. ఏదైనా బల్ల మీద పెట్టి 2 సెకన్ల టైమర్ వాడితే ఇంకా మేలు.

మెడలో పట్టీ వేసుకోవడం నామోషీ అనుకోకండి. కిందపడిన లెన్స్‌ను బాగుచేయించుకోవడం కంటే అది తేలిక.

మూడో మెట్టు: కిటికీ, కోడిగుడ్డు

వెలుతురును నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఓ గంట కేటాయించండి. గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన చిన్న బల్ల వేసి, మీద మామూలు తెల్లకాగితం పరచి, దానిమీద ఒక గుడ్డు పెట్టండి. గుడ్డే ఎందుకంటే దానికి రంగుల ఆర్భాటం లేదు, మూలలు లేవు. వెలుగు నీడలు తప్ప చూడటానికి ఇంకేమీ ఉండదు.

కిటికీ మీ వీపు వెనక ఉండేలా నిలబడి ఒక ఫొటో తీయండి. గుడ్డు చదునుగా, కాగితం మీద గీసిన సున్నాలా ఉంటుంది. ఇప్పుడు కిటికీ మీ ఎడమ పక్కకు వచ్చేలా జరిగి ఇంకొకటి తీయండి. గుడ్డు ఎడమవైపు తెల్లగా, మధ్యలో బూడిదరంగుగా, కుడివైపు నల్లగా మారుతూ గుండ్రదనం ఒక్కసారిగా తెలుస్తుంది. మూడోసారి గుడ్డు వెనక కిటికీ ఉండేలా తీయండి. అంచు మెరుస్తుంది, మనవైపు ముఖం చీకటవుతుంది.

ఇప్పుడు అసలు తమాషా. పక్క వెలుగులోకే తిరిగి వచ్చి, గుడ్డు కుడివైపు జానెడు దూరంలో ఒక తెల్ల అట్టముక్కను నిలబెట్టండి. నల్లగా ఉన్న నీడలో వివరాలు తేలతాయి. అట్టను దగ్గరికి జరిపితే నీడ ఇంకా పలచబడుతుంది. అట్ట తీసేసి నల్లగుడ్డ పెడితే నీడ మరింత చిక్కబడుతుంది. తర్వాత కిటికీకి పల్చటి తెల్లబట్ట కట్టి చూడండి. నీడ అంచు మెత్తబడుతుంది. ఎందుకంటే వెలుగు వచ్చే చోటు వస్తువుతో పోలిస్తే ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తన. మబ్బుపట్టిన రోజు ముఖాలు బాగా రావడానికీ, మిట్టమధ్యాహ్నం కళ్లకింద నల్లటి గుంతలు పడటానికీ కారణం ఇదే. మబ్బు ఆకాశాన్నంతా దీపంగా మారుస్తుంది. నడినెత్తి సూర్యుడు చిన్న దీపం, పైగా నిట్టనిలువునా పైనుంచి కొడతాడు.

గుడ్డు స్థానంలో మనిషిని కూర్చోబెడితే అదే పోర్ట్రెయిట్. పద్ధతి ఏమీ మారదు.

నాలుగో మెట్టు: ఫోకస్

కెమెరాలో షట్టర్ బటన్‌కు రెండు మెట్లుంటాయి. సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. చాలామంది ఒకేసారి గట్టిగా నొక్కేస్తారు, ఫోకస్ ఎక్కడ పడిందో చూసుకునే వ్యవధి ఉండదు. కెమెరా తానే స్థలం ఎంచుకునే ఆటో పద్ధతిలో సాధారణంగా తనకు దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. పూలకొమ్మ వెనక మనిషిని తీస్తే కొమ్మ స్పష్టంగా, మనిషి మసకగా రావడం అందుకే. ఫోకస్‌ను ఒకేచోట పట్టే సింగిల్ పాయింట్ ఎంచుకుని, మనిషైతే మనకు దగ్గరగా ఉన్న కంటిమీద పెట్టండి. కదిలే పిల్లలకు, జంతువులకు మాత్రం కదలికను వెంబడించే కంటిన్యువస్ ఫోకస్ పెట్టుకోవాలి, లేకపోతే సగం నొక్కిన క్షణానికీ పూర్తిగా నొక్కిన క్షణానికీ మధ్య వాళ్లు ముందుకు వచ్చేస్తారు.

ఫోన్‌లో కావలసిన చోట వేలితో తాకండి. వేలు అలాగే నొక్కిపెడితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. వస్తువుకు మరీ దగ్గరగా వెళ్తే ఏ లెన్సూ ఫోకస్ చేయలేదు. కెమెరా గరగరమంటూ వెతుక్కుంటుంటే ఓ అడుగు వెనక్కి వేయండి. సాదా గోడ, నల్లటి బట్ట లాంటి గీతల్లేని చోట కూడా ఇదే ఇబ్బంది. అప్పుడు ఆ దూరంలోనే ఉన్న ఏదైనా అంచు మీద ఫోకస్ పట్టి, బటన్ సగం నొక్కే ఉంచి, ఫ్రేమ్ సరిచేసుకోవాలి.

అయిదో మెట్టు: మూడు అంకెలు

ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ. ఈ మూడూ కలిసి ఫొటో ఎంత వెలుతురుగా ఉండాలో తేలుస్తాయి. అయితే ఒక్కొక్కటీ వెలుతురుతో పాటు ఇంకోదాన్ని కూడా మారుస్తుంది. చిక్కంతా అక్కడే.

ఎపర్చర్ అంటే లెన్స్ లోపలి రంధ్రం. అంకెల వరస ఎఫ్/2, 2.8, 4, 5.6, 8, 11, 16. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ఒక్కో మెట్టుకు వెలుతురు సగానికి పడిపోతుంది. చిన్న అంకె పెడితే ఫోకస్ పడినదాని ముందూ వెనకా మసకబారుతుంది. పెద్ద అంకె పెడితే దూరం దాకా స్పష్టంగా ఉంటుంది. అలాగని ఎఫ్/22కు పోతే రంధ్రం మరీ చిన్నదై కాంతి అంచుల దగ్గర చెదిరి ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆగడం మంచిది. చాలా ఫోన్లలో ఈ రంధ్రం మారదు. వాటి పోర్ట్రెయిట్ మోడ్‌లో వచ్చే మసక లెక్కలతో తయారైనది, కాబట్టి జుట్టు అంచుల దగ్గర, కళ్లద్దాల ఫ్రేమ్ దగ్గర పొరపడుతుంటుంది.

షట్టర్ స్పీడ్ అర్థం కావాలంటే కుళాయి దగ్గరికి వెళ్లండి. నీళ్లు సన్నగా, ధార తెగి బొట్లుగా పడేంత మాత్రమే వదలండి. కెమెరా డయల్‌ను ఎస్ మీద (కొన్నింటిలో టీవీ అని ఉంటుంది) పెట్టండి. ఫోన్‌లో అంకెలు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే అదే. ముందు 1/1000తో, అంటే సెకనులో వెయ్యోవంతుతో తీయండి: గాలిలో ఆగిపోయిన గాజుపూసల్లా బొట్లు కనిపిస్తాయి. 1/125తో అవే బొట్లు సాగి చిన్న గీతలవుతాయి. కెమెరాను బల్లమీద పెట్టి 1/15తో తీస్తే అతుకు లేని తెల్లదారం వేలాడుతున్నట్టుంటుంది. నీళ్లు మారలేదు, మీరు వాటిని చూసిన వ్యవధి మారింది. 1/1000 దగ్గర ఫొటో చీకటిగా వస్తే కంగారుపడకండి, వెలుగున్న చోటికి మారడమో ఐఎస్ఓ పెంచడమో చేయండి.

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఒక పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: లెన్స్ మీద రాసి ఉండే ఫోకల్ లెంగ్త్ 50 మి.మీ. అయితే షట్టర్ 1/50 కంటే నెమ్మదిగా ఉండకూడదు, 200 మి.మీ. అయితే 1/200. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరాల్లో దీన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి, అంటే 50 మి.మీ.కు 1/80. కుదుపు తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటే ఇంకా నెమ్మదిగా వెళ్లొచ్చు. కానీ అది మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుట పరుగెత్తే పిల్లాడిని ఆపదు. నడిచేవాళ్లకు 1/250, ఆటలకు 1/500 నుంచి 1/1000 పెట్టుకుని మొదలుపెట్టండి.

ఐఎస్ఓ అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. దాన్ని పెంచితే చీకట్లోనూ ఫొటో వెలుతురుగా వస్తుంది, బదులుగా ఇసుక చల్లినట్టు గరుకు పెరుగుతుంది. ఎండలో 100, మబ్బులో 400, ఇంట్లో రాత్రిపూట 1600 నుంచి 3200. కొత్తవాళ్లు గరుకుకు భయపడి ఐఎస్ఓ 100 దగ్గరే పట్టుకు కూర్చుంటారు, ఫొటో కాస్తా కదిలిపోతుంది. గరుకున్న ఫొటోను తర్వాత కొంత సరిచేయొచ్చు, కదిలిపోయినదాన్ని బాగుచేయడం దాదాపు కానిపని. అనుమానం వస్తే ఐఎస్ఓనే పెంచండి.

మూడింటి లావాదేవీ ఎలా ఉంటుందో చూడండి. ఎఫ్/8, 1/60, ఐఎస్ఓ 400 దగ్గర వెలుతురు సరిగ్గా ఉందనుకుందాం. కదలిక ఆపడానికి 1/125 కావాలంటే వెలుతురు సగమవుతుంది. దాన్ని పూడ్చడానికి ఎఫ్/5.6కు రావాలి, లేదా ఐఎస్ఓ 800 చేయాలి. ఏది వదులుకోవాలో మీ ఇష్టం. మూడు అంకెలూ మనమే పెట్టే పూర్తి మాన్యువల్‌తో మొదలుపెడితేనే ఫొటోగ్రాఫర్ అనే మాట నమ్మకండి. ఎపర్చర్ మీరు పెట్టి మిగతాది కెమెరాకు వదిలేసే 'A' మోడ్ ('Av' అని కూడా రాస్తారు) మొదటి కొన్ని నెలలకు సరిగ్గా సరిపోతుంది. షట్టర్ అంకెను మాత్రం ఓ కంట కనిపెట్టండి.

ఆరో మెట్టు: కెమెరాను సవరించడం

కెమెరాకు ఎదుట ఉన్నది తెల్లచొక్కానో నల్లకుక్కో తెలియదు. ఫ్రేమ్ మొత్తాన్ని సగటున మధ్యస్థంగా, బూడిదరంగంత వెలుగుతో చూపించాలని చూస్తుంది. అందుకే ఫ్రేమ్ నిండా తెల్లగోడ ఉంటే అది మాసినట్టు వస్తుంది, నల్లకుక్కను దగ్గరగా తీస్తే బూడిదరంగులోకి మారుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ ఉన్నది దీనికే. తెలుపు ఎక్కువుంటే +1 దాకా, నలుపు ఎక్కువుంటే -1 దాకా జరపండి. కిటికీ ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లగా వస్తే +1 నుంచి +2 వరకు పెట్టండి, వెనక కిటికీ తెల్లబోతుందని ముందే ఒప్పుకోవాలి. ఫోన్‌లో ముఖం మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి కిందికి జరిపితే ఇదే పని.

పూర్తిగా తెల్లబోయిన ఆకాశంలో వివరాలు తర్వాత తిరిగి రావు, చీకటి మూలల్లో మాత్రం కొంత మిగిలి ఉంటుంది. సందేహంగా ఉంటే కొంచెం చీకటివైపే ఉంచడం క్షేమం. ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన ఎంతెంత ఉందో చూపే పటం హిస్టోగ్రామ్. అది కుడి గోడకు గుట్టగా ఆనుకుందంటే తెలుపు తెగిపోయిందని లెక్క.

చెడిన ఫొటోను చదవడం

రోజు చివర ఫొటోలను పెద్ద స్క్రీన్ మీద 100 శాతానికి పెంచి చూడండి. ఫ్రేమ్ అంతా, గోడలూ స్తంభాలూ సహా, ఒకే దిశలో సాగినట్టుంటే, చిన్న దీపాలు గీతలైతే కదిలింది మీ చెయ్యి. గోడ స్పష్టంగా ఉండి మనిషి చెయ్యో ముఖమో మాత్రమే సాగితే కదిలింది వాళ్లు. దానికి ట్రైపాడ్ ఎంత ఖరీదైనదైనా పనిచేయదు, షట్టర్ వేగమే పెంచాలి. ఎక్కడా సాగినట్టు లేకుండా ముఖం మెత్తగా ఉండి, చెవో వెనకున్న కుర్చీయో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎక్కడ చూసినా పొగమంచు కప్పినట్టుంటే మొదటి మెట్టుకు వెళ్లి లెన్స్ తుడవండి. ఎల్ఈడీ దీపాల కింద అడ్డంగా నల్లపట్టీలు వస్తే తప్పు మీది కాదు, కరెంటుతోపాటు దీపం మినుకుమంటోంది. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట షట్టర్‌ను 1/50 లేదా 1/100కు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120కి దగ్గరగా పెడితే పట్టీలు చాలావరకు పోతాయి.

ప్రతి ఫొటోలోనూ తీసినప్పటి అంకెలు దాగి ఉంటాయి. వివరాలు అనే చోట నొక్కితే కనిపిస్తాయి. కదిలిన ఫొటోలో 1/20 అని చూశాక ఇక ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

ఫ్రేమ్, ఫ్లాష్, ఎడిటింగ్

గ్రిడ్ గీతలు ఆన్ చేసి, ముఖ్యమైనదాన్ని మూడోవంతు గీతల దగ్గర పెట్టమని అందరూ చెబుతారు. మంచిదే. అంతకంటే ముందు ఫ్రేమ్ నాలుగు అంచులూ ఓసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. తలమీద మొలిచిన కరెంటు స్తంభం, మూలలో ప్లాస్టిక్ సంచి, చీలమండ దగ్గర తెగిన కాలు అక్కడే దొరుకుతాయి. అడుగు పక్కకు వేస్తే స్తంభం తల వెనకనుంచి తప్పుకుంటుంది. పిల్లల్నీ జంతువుల్నీ వాటి కంటి ఎత్తుకు వంగి తీయండి. ఫోన్‌తో ముఖాన్ని జానెడు దూరం నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుంది. ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి 2 రెట్ల లెన్స్ వాడితే ముఖం మామూలుగా ఉంటుంది. విడిగా లెన్స్ లేని జూమ్ మాత్రం ఉన్న ఫొటోను కత్తిరించి పెద్దది చేయడమే.

కెమెరా నెత్తిమీది చిన్న ఫ్లాష్ వెలుగు 3, 4 మీటర్లు దాటితే నీరసిస్తుంది. దూరంగా ఉన్న స్టేజీ కోసం దాన్ని వెలిగిస్తే ముందు వరస తలలు మాత్రమే తెల్లబడతాయి. దాని అసలు ఉపయోగం మిట్టమధ్యాహ్నపు ఎండలో, ముఖం మీది నీడను పూడ్చడానికి.

ఎడిటింగ్‌లో ముందు వంకర సరిచేసి కత్తిరించండి, తర్వాత వెలుతురు, రంగు సమతూకం, కాంట్రాస్ట్, అన్నిటికీ చివర షార్ప్‌నెస్. రంగుల స్లయిడర్‌ను మీకు నచ్చినంత జరిపాక, అందులో సగానికి వెనక్కి తీసుకురండి. మామూలుగా ఫొటో దాచే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 ఛాయలే, సెన్సర్ పట్టినదంతా దాచే 14 బిట్ల 'రా' (RAW) ఫైలులో 16,384. ఎక్కువ సవరణలకు 'రా' ఫైలు తట్టుకునేది అందుకే. కార్డులో చోటుంటే రెండూ కలిపి తీసుకోండి.

జాగ్రత్తలు, కార్డు సంగతులు

అద్దాలతో నడిచే వ్యూఫైండర్‌లోంచి (కెమెరాలో కన్నుపెట్టి చూసే రంధ్రం) సూర్యుణ్ని నేరుగా చూడకండి, కన్ను దెబ్బతింటుంది. రైలు పట్టాలు, కొండ అంచులు, మేడ పిట్టగోడలు ఫొటోకు వేదికలు కావు. వ్యూఫైండర్‌లో కన్నుపెట్టి వెనక్కి నడవడం కూడా అంతే ప్రమాదం. మనుషుల్ని దగ్గరగా తీసేటప్పుడు అడిగి తీయండి, వద్దంటే ఆపేయండి. ఎవరికైనా పంపేముందు ఫొటోలో దాగిన లొకేషన్ వివరం తీసేయండి, ముఖ్యంగా ఇంట్లో తీసినవాటికి.

చల్లని గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచి మూసే ఉంచి అరగంట ఆగి తీస్తే ఆ గొడవ ఉండదు. తేమగా ఉండే కాలంలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టకపోతే లెన్స్ లోపల బూజు పడుతుంది.

కార్డు లాక్ అయిందని కెమెరా మొరాయిస్తే ఎస్‌డీ కార్డు పక్కనున్న బుల్లి మీట కిందికి జారిందేమో చూడండి, పైకి నెడితే సరి. కార్డులోకి ఫొటో ఎక్కుతోందని చూపే ఎర్రదీపం మినుకుతుండగా కార్డు లాగొద్దు. ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంకోచోట రెండో కాపీ పెట్టాకే కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. పొరపాటున అన్నీ చెరిగిపోతే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా వెంటనే బయటికి తీసి పక్కన పెట్టండి. పాత ఫొటోల చోటులో కొత్తవి వచ్చి కూర్చోనంతవరకు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వాటిని వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది.